గుణింతం గడగడా చెప్తాడు, పుస్తకం ఇస్తే ఆగిపోతాడు. ఇది డిస్లెక్సియానా?

మిషన్ అక్క, సూర్యాపేట:
అందరికీ నమస్తే. మా బాబుకి తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి, ఇంగ్లిష్ మీడియం. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. ఆది బ్లౌజు తీసుకుని కొలతలు పైకి చెప్పుకుంటుంటే పక్కన కూర్చుని వింటాడు. మళ్ళీ ఎప్పుడో అదే ఆంటీ వస్తే "చాతీ 36, చెయ్యి 10, మెడ లోతు వద్దంది కదమ్మా" అని వాడే గుర్తు చేస్తాడు. అంత జ్ఞాపకం ఉన్నోడు "పుస్తకం" అనే మాట దగ్గర "పు... స..." అని ఆగిపోతాడు. "పడవ"ని "వడప" అంటాడు. పై లైన్‌లో సరిగ్గా చదివిన మాటే కింది లైన్‌లో కొత్తగా చూసినట్టు చూస్తాడు. ఇంగ్లిష్ డిక్టేషన్ అయితే చెప్పక్కర్లేదు, బి, డి ఇప్పటికీ తారుమారే.

స్కూల్లో "కాన్సంట్రేషన్ లేదు, ట్యూషన్ పెట్టండి" అన్నారు. పెట్టాం. తప్పు రాసిన ప్రతి మాటా 20 సార్లు రాయమంటారు అక్కడ. వీడేం చేస్తాడంటే మొదటి అక్షరం పై నుంచి కింది దాకా 20 సార్లు రాసి, తర్వాత రెండోది అలాగే కింది దాకా దింపుతాడు. పేజీ నిండుతుంది, మాట మాత్రం రాదు. మా ఆయన లారీ డ్రైవర్. "నాకూ చదువు ఎక్కలేదు, వాడూ అంతే, వదిలెయ్" అంటాడు. పరీక్షలంటే వాడికి టెన్షన్, వాడిని చూసి నాకు.

ఇది డిస్లెక్సియానా? అంటే బుద్ధిమాంద్యమా? ఎవరికి చూపించాలి?

రిటైర్డ్ మాస్టారు:
అమ్మా, ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి. ఇలాంటి పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉండేవారు. రోజూ గంటసేపు పెద్ద బాలశిక్ష ఎదురుగా పెట్టి గట్టిగా చదివించండి, అదే దారికొస్తుంది. ఈ పేర్లన్నీ ఈ మధ్య వచ్చినవి.

భవిత టీచర్:
మాస్టారూ, నమస్కారం. ప్రతి క్లాసులోనూ ఉండేవారన్నారు చూడండి, నేనూ అదే అంటాను. పేరు కూడా కొత్తదేం కాదు. 1896లోనే ఇంగ్లండ్‌లో ప్రింగిల్ మోర్గన్ అనే డాక్టర్ పద్నాలుగేళ్ళ అబ్బాయి గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. తెలివైనవాడు, చదవడం మాత్రం రాదు. చదువంతా నోటిమాటగా సాగితే బడిలో వీడే అందరికన్నా చురుకైనవాడని వాళ్ళ మాస్టారే చెప్పారట. మన కుట్టుమిషన్ పక్కన కూర్చునే బాబు కూడా అలాగే లేడూ?

చెల్లీ, ముందు నీ భయం సంగతి. డిస్లెక్సియా బుద్ధిమాంద్యం కాదు. అక్షరాన్ని శబ్దంతో ముడిపెట్టే పని మెదడులో తొందరగా జరగకపోవడం. కుటుంబాల్లో వస్తూ ఉంటుంది కూడా. మీ ఆయన "నాకూ ఎక్కలేదు" అన్నమాట కొట్టిపారేయకు, పరీక్ష చేసేవాళ్ళకి తప్పకుండా చెప్పు. అయితే ఇక్కడ రాసింది చదివి అవునో కాదో నేను తేల్చలేను. కళ్ళు, చెవులు ముందు చూపించు. ఆ రెండూ బాగున్నాయంటే తర్వాతి మాట.

నేను ప్రభుత్వ సమగ్ర శిక్ష పథకంలో ఐఈఆర్‌పీని, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి నేర్పే టీచర్ని. ఆ పిల్లల కోసమే ఉన్న భవిత సెంటర్‌లో పనిచేస్తాను. ఇంగ్లిష్ మీడియం పిల్లల్ని తెచ్చి "ఇంగ్లిష్ చదవట్లేదు, డిస్లెక్సియా ఏమో" అనే తల్లిదండ్రులు చాలామంది వస్తారు. నేను ముందు తెలుగు పుస్తకం ఇస్తాను. తెలుగు సాఫీగా చదువుతూ ఇంగ్లిష్ ఒక్కటే రాకపోతే చాలాసార్లు లోపం నేర్పిన తీరులో ఉంటుంది. రెండింట్లోనూ తడబడితే అప్పుడు నాకు అనుమానం. ఇందులో ఒక మెలిక ఉంది. మన లిపిలో రాసిందే దాదాపు పలుకుతాం, ఇంగ్లిష్‌లో అలా కాదు. అందుకని డిస్లెక్సియా ఉన్న పిల్లలు కూడా కొందరు తెలుగు తప్పుల్లేకుండా చదివేస్తారు, కానీ నత్తనడకన. "తెలుగు వచ్చు కదా" అని అక్కడే వదిలేస్తే దొరకరు. తప్పులతో పాటు వేగం కూడా చూడాలి.

గుణింతం సంగతి కూడా అంతే. క కా కి కీ వరసగా చెప్పడం పాట పాడటమే. వరస తప్పించి కె, మూ, తి, గో అని వేలు పెట్టి అడిగితే అసలు బయటపడుతుంది. ఒత్తుల దగ్గర ఆగిపోవడం వీళ్ళలో మామూలే. ఇంట్లో ఇలా చెయ్యి: అడ్డంగా క కా కి వద్దు, నిలువుగా కి, గి, తి, సి. గుడి ఒక్కటే మారకుండా ఉంటుంది, వాడి కన్ను దాన్ని పట్టుకుంటుంది. పళ్ళెంలో బియ్యం పోసి వేలితో రాస్తూ శబ్దం పైకి అనమను, అక్షరాభ్యాసం నాడు చేయించిందే. పుస్తకం మూసేసి నోటి ఆటలు ఆడించు: "గులాబీలో గు తీసేస్తే?" ఇది తెలుగు పిల్లలకి తొందరగా వస్తుంది. "కి, కు రెండింట్లో ముందున్న శబ్దం ఏది?" అంటేనే కష్టం. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌కి కావాల్సింది ఈ రెండోదే. రోజూ పావుగంట చాలు, వాడు విసుక్కుంటే అక్కడితో ఆపెయ్.

ఇరవైసార్లు రాయించడం మాన్పించు. నిలువుగా దింపేసి వాడే చూపించాడుగా దానివల్ల ఏమొస్తుందో!

పరీక్షకి జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ ఉంటుంది, అంటే పిల్లల ఎదుగుదల లోపాల్ని ముందుగా గుర్తించే కేంద్రం, అక్కడ అడుగు. ప్రైవేటుకి వెళ్తే క్లినికల్ సైకాలజిస్ట్‌కి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకో. మూడు నెలల కోర్సుతో పూర్తిగా నయం చేస్తామనేవాళ్ళు, రంగు కళ్ళద్దాలు అమ్మేవాళ్ళు తగులుతారు. కంటి వ్యాయామాలు, రంగు అద్దాలు డిస్లెక్సియాకి పనిచేస్తాయనడానికి ఆధారాల్లేవని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2009లోనే చెప్పింది. ఆ డబ్బు దాచుకో.

వెల్డర్, గాజువాక:
అక్కా, ఆ పిల్లాడు నేనే అనుకో. బస్సు బోర్డు చదివేలోపు బస్సు ఎల్లిపోయేది, నంబరు చూసి ఎక్కేవాణ్ణి. ఇప్పుడు డ్రాయింగ్ చూస్తే ఎక్కడ ఏ వెల్డ్ పడాలో ఇట్టే చెప్తాను. సేఫ్టీ ఫారం నింపమంటే మాత్రం చెమటలు. ఫోన్లో మెసేజ్ పైకి చదివే ఆప్షన్ పెట్టుకున్నాను, నాకు అది వరం. ఈ పోస్టు కూడా అలాగే విన్నాను, నోటితో చెప్పే టైప్ చేయిస్తున్నాను. మీ వాడికి పాఠాలు చదివి రికార్డు చేసి ఇవ్వు, వింటాడు. ఇంకోటి, చుట్టాల ముందు పేపరు ఇచ్చి చదవమనకు. మా మావయ్య అలా చేసేవాడు, పండక్కి వాళ్ళింటికి వెళ్ళడమే మానేశాను.

రిటైర్డ్ మాస్టారు:
తెలుగులో వేగం చూడాలన్న మాట ఆలోచించదగ్గదే. పెద్ద బాలశిక్ష మాత్రం మానొద్దమ్మా, వీలైతే నువ్వే చదివి వినిపించు.

మిషన్ అక్క, సూర్యాపేట:
టీచర్ గారూ, వరస తప్పించి అడిగాను. మీరన్నట్టే అయింది, తడుముకున్నాడు. కిందటేడే అద్దాలు రాయించాం కాబట్టి చెవులే చూపించాలి. ఒక్క సందేహం. డిస్లెక్సియా ఉందని సర్టిఫికెట్ తీసుకుంటే వాడి మీద వికలాంగుడని ముద్ర పడిపోతుందని అత్తమ్మ గొడవ. తీసుకోకపోతే నష్టమా? ఇప్పుడు హిందీ కూడా మొదలైంది, మూడు లిపులు వాడి వల్ల కావట్లేదు.

భవిత టీచర్:
2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యం కూడా ఒకటి. ఇలాంటి పిల్లల్ని వీలైనంత త్వరగా గుర్తించి తగినట్టు నేర్పాలని బడుల మీద బాధ్యత పెట్టింది కూడా ఆ చట్టమే. 2018 కేంద్ర మార్గదర్శకాల్లో ఎనిమిదేళ్ళు నిండాక సర్టిఫికెట్ ఇవ్వాలని, 14 ఏళ్ళకి, 18 ఏళ్ళకి మళ్ళీ పరీక్షించాలని ఉండేది. 2024లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి, ఇప్పటి పద్ధతి ఆసుపత్రిలో అడుగు. ఆ ఎనిమిదేళ్ళ లెక్కన అయితే బాబుకి తొమ్మిది కాబట్టి వయసు సరిపోతుంది. సీబీఎస్ఈ అయితే మూడు గంటల పేపర్‌కి ఇంకో గంట, కావాలంటే రాసిపెట్టే మనిషి, మూడో భాష నుంచి మినహాయింపు ఉన్నాయి. స్టేట్ సిలబస్ అయితే ఏమేం ఇస్తారో హెడ్‌మాస్టర్ని అడుగు.

సర్టిఫికెట్ ఎప్పుడు తీసుకోవాలో మీ ఇష్టం, అత్తమ్మతో ఇవాళే తేల్చుకోనక్కర్లేదు. పరీక్ష మాత్రం ఆపకు. వెళ్ళేటప్పుడు ఆ 20 సార్ల నోట్‌బుక్ తీసుకెళ్ళు, తెలుగులో కూడా చదివించి చూడమని నువ్వే అడుగు. రిపోర్ట్ వచ్చాక హిందీ గురించి స్కూల్‌కి కాగితం మీద రాసివ్వు. దాంతోపాటు రిపోర్ట్ జిరాక్స్ పెట్టు, ఒరిజినల్ ఎవరికీ ఇవ్వకు.