సెప్టెంబర్ 17 పాఠం: పిల్లలకు రజాకార్ల గురించి ఎట్లా చెప్పాలి?

ఓరుగల్లు_నాన్న:
మేం ముస్లింలం. మా అబ్బాయి ఏడో తరగతి. 1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన రోజు కదా సెప్టెంబర్ 17, దాని ముందు రోజు క్లాసులో నిజాం గురించి, ఆయన పాలన నిలబెట్టడానికి ఆయుధాలు పట్టిన రజాకార్ల గురించి, వాళ్ల నాయకుడు ఖాసిం రజ్వీ గురించి చెప్పారు. బెల్లు కొట్టగానే ఇద్దరు పిల్లలు వాడి టిఫిన్ డబ్బా లాక్కుని "రజాకార్, ఖాసిం రజ్వీ" అని పిలిచారట. ఇంటికొచ్చి "నాన్నా, మనం వాళ్లమేనా?" అని అడిగాడు. ఏం చెప్పాలి?

బురుజు_చేర్యాల:
పిల్లలు చేసింది తప్పే అన్నా. కానీ పాఠం తప్పేముంది? 1948 ఆగస్టు 27న రజాకార్లు మా ఊరు బైరాన్‌పల్లి మీద పడి, బురుజు మీద కాపలా ఉన్నవాళ్లను చంపారు, దొరికినవాళ్లను వరసగా నిలబెట్టి కాల్చారు. అందులో మా తాత తమ్ముడున్నాడు. ఇది విమోచన. విలీనం అంటే ఏదో సంతకాల పని అనుకుంటారు.

నల్గొండ_టీచర్:
2022 నుంచి కేంద్రం విమోచన దినం అంటోంది. రాష్ట్రం అదే ఏడు సమైక్యతా దినం అంది, 2024లో ప్రజాపాలన దినం అంది. బోర్డు మీద ఏం రాయాలో ఏటా టెన్షనే.

ఓరుగల్లు_నాన్న:
నేను పేరు గురించి అడగలేదు. భారత్‌లో కలవాలని రాసినందుకు ఇమ్రోజ్ పత్రిక ఎడిటర్ షోయబుల్లాఖాన్‌ను రజాకార్లే చంపారు. భూమి కోసం కోర్టుకెక్కిన ముస్లిం రైతు బందగీని 1940లో చంపించింది విసునూరు దేశ్‌ముఖ్, ఆయన హిందువు. ఈ ఇద్దరి గురించీ చెప్పి ఉంటే, మావాడు కూడా ఆ క్లాసులో తలెత్తుకునేవాడు.

బురుజు_చేర్యాల:
విమోచన అవునా కాదా? ఒక్క మాట చెప్పండి.

కరీంనగర్_08:
మళ్లీ మొదలు.

ఓరుగల్లు_నాన్న:
చెప్తాను వినండి. మా నానమ్మది బీదర్ వైపు. పోలీస్ యాక్షన్, అంటే భారత సైన్యం వచ్చి నిజాం పాలన ముగించడం, అయిన వారానికి వాళ్ల నాన్నను ఇంట్లోంచి పట్టుకుపోయారు, మళ్లీ రాలేదు. ఆ హింస మీద కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ అప్పుడు చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. ఆ రిపోర్టును ప్రభుత్వం చాలా ఏళ్లు బయటపెట్టలేదు. మీవాళ్లకు స్థూపం ఉంది. మా ముత్తాతకు పాఠంలో ఒక్క వాక్యం లేదు. మా నానమ్మ దగ్గర విమోచన అనే మాట ఏ నోటితో అనాలి?

బురుజు_చేర్యాల:
అంటే రెండూ సరికి సరి అంటారా? మా చావులకు పక్కన ఇంకో లెక్క పెట్టి కొట్టేస్తారా?

ఓరుగల్లు_నాన్న:
కొట్టేయమని ఎవరన్నారు? పక్కన రాయమంటున్నాను!

నల్గొండ_టీచర్:
ఇద్దరూ ఇంటి మనిషిని పోగొట్టుకున్నవాళ్లే. కొంచెం తగ్గండి.

బురుజు_చేర్యాల:
నా భయం చెప్తా. నేను చదివిన పుస్తకాల్లో మా ఊరి పేరే కనిపించలేదు. గొడవలవుతాయని పక్కన పెట్టారని మా నాన్న అనేవాడు. ఇప్పుడిప్పుడే నలుగురూ మాట్లాడుతున్నారు. మీ వాక్యం వచ్చిన రోజు మాది మళ్లీ తీసేస్తారేమోనని.

నల్గొండ_టీచర్:
పోయినేడు ఒక పాప "ఇందులో మనవాళ్లెవరు మేడమ్?" అని అడిగింది. క్లాసులో నలుగురు ముస్లిం పిల్లలున్నారు, వాళ్లూ నా వైపే చూస్తున్నారు. నిజాం గుర్రాల బొమ్మ చూపించి మాట మార్చేశాను. అది ఇప్పటికీ బాధగానే ఉంది.

బురుజు_చేర్యాల:
అన్నా, మీ అబ్బాయిని ఒక ఆదివారం తీసుకురండి, బురుజు చూపిస్తా. మీ ముత్తాత సంగతి కూడా నాకు చెప్పండి, వింటా. విమోచన అనే మాట మాత్రం నేను వదలను.

ఓరుగల్లు_నాన్న:
వస్తాం. ఆ మాట నేను ఒప్పుకోను.