అబ్రాహాము దాసుడు బావి దగ్గర అడిగిన సూచన: మనమూ అలా అడగొచ్చా?

అందరికీ వందనాలు. నాకు 27 ఏళ్లు. ఒక సంబంధం వచ్చింది, అబ్బాయి విశ్వాసే, మాట మంచిది. పేచీ అంతా మా అమ్మతోనే. బైబిల్లో ఆదికాండము 24 (అబ్రాహాము కొడుకు ఇస్సాకుకు పిల్లను వెతకడానికి వెళ్లిన దాసుడికి రిబ్కా దొరికిన అధ్యాయం) చూపించి, 'అబ్రాహాము దాసుడిలా దేవుణ్ణి సూచన అడుగు, జవాబు రాకపోతే వద్దందాం' అంటోంది. వాళ్లు రేపు ఉదయమే ఫోన్ చేస్తే దేవుని చిత్తమట!

ఆ అధ్యాయం మళ్లీ మళ్లీ చదివాను. దాసుడు అడిగింది ఏదో వింత కాదు కదా. ముక్కూమొహం తెలియనివాడికి నీళ్లిచ్చి, అడగకుండానే 10 ఒంటెలకూ తోడిపోసే పిల్ల కావాలన్నాడు. దాహంతో ఉన్న ఒంటెలకు నీళ్లు తోడడమంటే మాటలా? అది గుణపరీక్షలాగే ఉంది నాకు. ఆమె నీళ్లు తోడుతుంటే ఊరకే చూస్తూ ఉండి, తర్వాత 'ఎవరి కుమార్తెవు' అని అడిగాడు. చివర్లో వాళ్లింట్లో రిబ్కాను పిలిచి 'వెళ్తావా' అని అడిగారు (58వ వచనం). నన్ను మాత్రం ఇంకా ఎవరూ అడగలేదు.

గిద్యోను గొర్రెబొచ్చు సంగతి (బొచ్చు మీద మాత్రమే మంచు పడాలని దేవుణ్ణి సూచన అడగడం) ఎత్తితే అమ్మ ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, కానీ అక్కడ దేవుడు ముందే మాట ఇచ్చేశాడు, పైగా అది పెళ్లి విషయం కాదు.

ఇలా సూచన అడిగి పెళ్లి చేసుకున్నవాళ్లు ఉన్నారా? జవాబు ఎలా తెలిసింది? అమ్మ నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి?