మృదంగం వాయించే నాన్నగారిని న్యూయార్క్‌లో ఏ జాజ్ కచేరీకి తీసుకెళ్లాలి?

జర్నల్ స్క్వేర్ అబ్బాయి:

అందరికీ నమస్కారం. మేము జర్సీ సిటీలో ఉంటాం. నాన్నగారు జూన్‌లో రాజమండ్రి నుంచి వచ్చారు. సెప్టెంబరు మొదటి వారంలో తిరుగు ప్రయాణం. ఆయన ముప్ఫై ఏళ్లు బ్యాంకులో పనిచేశారు గానీ ఎవరైనా అడిగితే మృదంగం వాయిస్తానని చెబుతారు తప్ప బ్యాంకు మాట ఎత్తరు. శ్రీరామనవమి పందిళ్లలో, త్యాగరాజ ఆరాధనల్లో ఎందరికో పక్కవాద్యం వాయించారు.

లిబర్టీ విగ్రహం అయింది, నయాగరా అయింది. మొన్న రాత్రి పెరుగన్నం కలుపుకుంటూ, “చూడటం సరే, ఈ ఊళ్లో వినడానికి ఏమీ లేదా?” అన్నారు. అప్పుడు తట్టింది జాజ్ అని. నాకు తెలిసిన జాజ్ కాఫీ దుకాణాల్లో వినిపించేదే. విలేజ్ వాన్‌గార్డ్, బ్లూ నోట్, బర్డ్‌లాండ్ అని పేర్లు మాత్రం విన్నాను. ఆయన మందు ముట్టరు, మాంసం తినరు, కుడి మోకాలు నొప్పి, రాత్రి తొమ్మిదిన్నరకల్లా నిద్ర. ఆగస్టులో మాకు పనికొచ్చేవి ఏమైనా ఉంటే చెప్పండి.

ఎడిసన్ గృహిణి:

ఎక్కడికి వెళ్లినా టికెట్టు కాక ఇంకేం కట్టాలో ముందే అడగండి. పోయినేడాది మేము నలుగురం మిడ్‌టౌన్‌లో ఒకచోటికి వెళ్లాం, పేరు ఎందుకు లెండి. మనిషికి ఇంత అని తిని తాగి తీరాలని కూర్చున్నాక చెప్పారు. వేయించిన బంగాళాదుంపలతో, సోడాలతో ఆ లెక్క పూర్తి చేసేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది. పైగా డబుల్ బాస్ ఆయన ఒంటరిగా వాయిస్తుంటే పక్క టేబుల్ వాళ్లు పుట్టినరోజు కేకు కోసి పాట కూడా పాడారు.

పదిహేను మెట్లు:

మీ ప్రశ్నలో మోకాలు మాట లేకపోతే రెండో ఆలోచన లేకుండా వాన్‌గార్డ్ అనేవాణ్ని. సెవెంత్ అవెన్యూ సౌత్‌లో ఎర్ర పందిరి, దాని కింద తలుపు, తలుపు తీస్తే నేలమాళిగలోకి నిటారుగా పదిహేను మెట్లు. 2003 నుంచి దిగుతున్నా, వాటిని లెక్కపెట్టింది మాత్రం చీలమండ బెణికిన ఏడాదే. మోకాలి నొప్పికి ఎక్కడం కన్నా దిగడమే శిక్ష. అది మీ నాన్నగారికి తెలిసే ఉంటుంది.

అయినా ఆ చోటు గురించి నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను. మాక్స్ గోర్డన్ 1935లో మొదలుపెట్టాడు. ముక్కోణం ఆకారంలో చిన్న గది, నూట ఇరవై మందికి కాస్త పైగా పడతారు, తిండి దొరకదు. 1961 జూన్ 25, ఆదివారం నాడు బిల్ ఎవాన్స్ పియానో, స్కాట్ లఫారో బాస్, పాల్ మోషియన్ డ్రమ్స్ వాయిస్తుంటే అక్కడే రికార్డు చేశారు. అందులో గ్లాసుల చప్పుడు, జనం గుసగుసలు స్పష్టంగా వినిపిస్తాయి. పదకొండు రోజుల తర్వాత లఫారో కారు ప్రమాదంలో పోయాడు. ఇరవై అయిదేళ్లు. ఆ రికార్డు పెట్టినప్పుడల్లా, అక్కడ కబుర్లు చెప్పుకుంటున్న వాళ్లను లేచి వెళ్లి మందలించాలనిపిస్తుంది.

సోమవారాలు అక్కడ పదహారు మంది పెద్ద బృందం వాయిస్తుంది. థాడ్ జోన్స్, మెల్ లూయిస్ 1966 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన ఆనవాయితీ అది. వినదగ్గదే గానీ మృదంగం మనిషికి అది మొదటి కచేరీ కాకూడదు. అంతమంది మధ్య డ్రమ్మరు పగ్గాలు పట్టుకుని బండి తోలాలి, మాట్లాడటానికి తీరిక తక్కువ. ముగ్గురో నలుగురో ఉన్న బృందాన్ని ఎంచుకోండి.

మీకు సరిపడేది కొలంబస్ సర్కిల్‌లోని డిజ్జీస్ క్లబ్. జాజ్ ఎట్ లింకన్ సెంటర్ వాళ్లది, 2004లో తెరిచారు. అయిదో అంతస్తు, లిఫ్టు ఉంది. వేదిక వెనక గోడంతా అద్దం, అందులోంచి సెంట్రల్ పార్కు కనిపిస్తుంది. రాత్రికి రెండు కచేరీలుంటే మొదటిది తీసుకోండి. డ్రమ్మరు ఎడమ పాదం కనిపించే కుర్చీ అడగండి.

పాదం ఎందుకంటే, నాన్నగారు తాళం వేయకుండా వినరు కదా. ఆదితాళం ఆవర్తనానికి, అంటే ఒక చుట్టుకు, ఎనిమిది మాత్రలు. దెబ్బ 1, 5, 7 మీద పడుతుంది. జాజ్ డ్రమ్మరు ఎడమ పాదంతో మూసే జంట తాళపు చిప్పలు (హై-హ్యాట్) మామూలుగా 2, 4, 6, 8 మీద పడతాయి. అంటే ఈయన దెబ్బ వేసినప్పుడు ఒక్కసారి కూడా అవి మోగవు. వేలు లెక్కపెట్టినప్పుడో చెయ్యి తిప్పినప్పుడో మోగుతాయి. మొదటి పది నిమిషాలు చిరాకు పుడుతుంది. నాకు మూడు నెలలు పట్టింది.

ఇక లెక్క. మొదట అందరూ కలిసి పాట ఒకసారి వాయిస్తారు. 32 బార్లు, బారుకు నాలుగు మాత్రలు, మొత్తం 128. ఆదితాళంలో పదహారు ఆవర్తనాలు. ఆ తర్వాత ఒక్కొక్కరూ ఆ పదహారునే మళ్లీ మళ్లీ చుట్టి వస్తూ కల్పన చేస్తారు. ఎటో పోయారనిపిస్తుంది, ఎక్కడికీ పోరు. చివర్లో సాక్సాఫోన్ రెండు ఆవర్తనాలు, డ్రమ్స్ రెండు ఆవర్తనాలు అని వంతులు వేసుకుంటారు. ఘటంతో పోటాపోటీగా తని ఆవర్తనం వాయించిన మనిషికి అది వేరే చెప్పక్కర్లేదు.

హార్లెం పొరుగు:

పైసా ఖర్చు లేనిది ఒకటుంది. ఆగస్టు చివర్లో చార్లీ పార్కర్ జాజ్ ఉత్సవం, హార్లెంలో మార్కస్ గార్వీ పార్కులోనూ, ఊరికి దక్షిణాన టాంప్‌కిన్స్ స్క్వేర్ పార్కులోనూ జరుగుతుంది. 1993 నుంచి నడుస్తోంది. సాక్సాఫోన్ దిగ్గజం పార్కర్ పుట్టినరోజు ఆగస్టు 29. టాంప్‌కిన్స్ స్క్వేర్ ఎదుటే, అవెన్యూ బి మీద ఆయన కొన్నేళ్లు కాపురం ఉన్నాడు. అక్కడ మధ్యాహ్నం మొదలవుతుంది కాబట్టి నిద్ర బాధ లేదు. మడత కుర్చీ, టోపీ, మజ్జిగ సీసా పట్టుకెళ్లండి.

ఈలోగా ఇంట్లో ఒకటి వినిపించండి. రుద్రేశ్ మహంతప్ప అనే అమెరికా సాక్సాఫోన్ కళాకారుడు మన కద్రి గోపాలనాథ్‌తో కలిసి 2008లో ఒక ఆల్బం తెచ్చాడు. అందులో వయొలిన్ మన విజయనగరం కన్యాకుమారి గారు, మృదంగం పూవలూరు శ్రీజి. డ్రమ్స్, మృదంగం రెండూ ఉన్నాయి. నాన్నగారికి చుట్టరికం కలుస్తుంది.

జర్నల్ స్క్వేర్ అబ్బాయి:

అందరికీ ధన్యవాదాలు. పోయిన గురువారం డిజ్జీస్‌కు వెళ్లొచ్చాం. న్యూవార్క్ అవెన్యూలో ఇడ్లీ తినిపించి పాత్ రైలెక్కించాను. కూర్చోగానే అద్దంలోంచి పార్కును ఒకసారి చూసి, ఇక అటు తిరగలేదు. నలుగురు వాయించారు. డ్రమ్స్ మీద పాతికేళ్ల అమ్మాయి.

మొదటి పాటకు తొడ మీద ఆదితాళం వేశారు. మీరు చెప్పినట్టే చిరాకు పడ్డారు. రెండో పాట సగంలో చెయ్యి ఆపి, కాసేపు కళ్లు మూసుకుని, ఎడమ మడమతో నేల మీద తట్టడం మొదలుపెట్టారు. వంతులు వేసుకునే చోట ఆ అమ్మాయి ఏదో అడ్డదిడ్డంగా వాయించి ఠక్కున సమానికి, అంటే ఆవర్తనం మొదటి దెబ్బకు, వచ్చి పడింది. ఈయన పందిట్లో ఉన్నట్టే “శెభాష్!” అని గట్టిగా అరిచారు. పక్క టేబుల్ వాళ్లు తిరిగి చూశారు. ఆ అమ్మాయి నవ్వి, ఒక కర్ర పైకెత్తింది.

ఒక్క ఫిర్యాదు ఉంది, “ఆ పదిహేను మెట్ల ఆయనకు చెప్పు” అన్నారు. మూడో పాట పదహారు ఆవర్తనాలు కాదట, ఆరేనట. ఆరో ఆవర్తనం అయ్యేసరికి వాళ్లు మళ్లీ మొదటికి వచ్చేశారని, నాలుగుసార్లు సరిచూశానని అంటున్నారు. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టారు.

పదిహేను మెట్లు:

ఆయనే నిజం. అది బ్లూస్. 12 బార్లు, 48 మాత్రలు, సరిగ్గా ఆరు ఆవర్తనాలు. దాని గురించి చెప్పడం మరిచిపోయాను. నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. మోకాలు ఎలా ఉందో కూడా అడగండి. వాన్‌గార్డ్‌కు వస్తానంటే, గోడ వైపు చేతికి ఆసరా ఇస్తూ ఒక్కో మెట్టూ దించే పూచీ నాది.