అమ్మకి ఇన్సులినోమా (పాంక్రియాస్ అంటే క్లోమంలో ఇన్సులిన్ ఎక్కువగా తయారుచేసే గడ్డ) అంటున్నారు, సీటీలో మాత్రం ఏమీ కనపడట్లేదు

అమ్మకి 58 ఏళ్లు, షుగర్ జబ్బు లేదు, షుగర్ బిళ్లలు ఎప్పుడూ వేసుకోలేదు. ఏడాదిగా తెల్లవారుజామున లేపితే ఒక్కోసారి నన్నే గుర్తుపట్టదు, ఒళ్లంతా చెమట, మాట ముద్దముద్దగా వస్తుంది, గ్లూకోజ్ నీళ్లు తాగిస్తే పది పదిహేను నిమిషాల్లో లేచి కూర్చుని ఏమైందిరా అని నన్నే అడుగుతుంది. మొదట ఫిట్స్ అనుకుని ఆర్నెల్లు ఆ మందులే వాడించారు, తల్చుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

పోయిన నెల అడ్మిట్ చేసి 72 గంటల ఫాస్టింగ్ టెస్ట్ పెడితే 14వ గంటకే షుగర్ 38కి పడిపోయింది, అప్పుడు తీసిన రక్తంలో ఇన్సులిన్ 11, సి-పెప్టైడ్ (ఒంట్లో ఇన్సులిన్ తయారైనప్పుడు దాంతోపాటే వచ్చే పదార్థం) 2.4. షుగర్ 55 లోపు ఉన్నప్పుడు ఇన్సులిన్ 3 కంటే, సి-పెప్టైడ్ 0.6 కంటే తక్కువే ఉండాలట, అంటే ఒంట్లోనే ఎక్కువ తయారవుతోందన్నమాట. కానీ సీటీలో పాంక్రియాస్ క్లీన్! ఈ గడ్డలు చాలావరకు 2 సెంటీమీటర్ల లోపే ఉంటాయి, సీటీకి దొరక్కపోవచ్చు అన్నారు డాక్టర్ గారు.

ఇప్పుడు ముందు ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (నోట్లోంచి గొట్టం పంపి లోపలి నుంచి చేసే స్కాన్) చేయించాలా, నేరుగా ఎక్సెండిన్ పెట్ స్కాన్‌కి (ఇలాంటి గడ్డకి అతుక్కునే మందు ఎక్కించి తీసే స్కాన్) వెళ్లాలా? మీలో ఎవరికైనా ఏది పట్టిచ్చింది?

ఇంకోటి, ఇన్సులిన్ తగ్గించే మందు డయాజాక్సైడ్ మొదలుపెట్టాక షుగర్ పడిపోవడం తగ్గింది గానీ కాళ్లు వాచాయి, వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది. రేపు ఫోన్ చేసి డాక్టర్‌కి చెప్తాను, ఈలోగా ఇది వాడినవాళ్లకి వాపు ఎలా తగ్గిందో చెప్పండి. గడ్డ వరకే తీయించుకున్నవాళ్లు, పాంక్రియాస్ తోక భాగం కోయించుకున్నవాళ్లు ఉంటే కోలుకోవడానికి ఎన్నాళ్లు పట్టిందో, తర్వాత షుగర్ పెరిగిందా అనేది కూడా కాస్త రాయండి ప్లీజ్.