మనవంటి చర్మానికి చర్మ క్యాన్సర్ భయం అవసరమా?

సాగరతీరం:
మెల్‌బోర్న్‌లో స్థిరపడిన మా మేనకోడలు ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక హెచ్చరిక పెట్టింది. అందరూ రోజూ సన్‌స్క్రీన్ రాసుకోవాలనీ, ఒంటి మీది పుట్టుమచ్చలను నెలకొకసారి అద్దంలో చూసుకోవాలనీ దాని సారాంశం. అక్కడ ఆ జాగ్రత్త సబబే. ఆస్ట్రేలియాలో 70 ఏళ్లు వచ్చేలోగా ప్రతి ముగ్గురిలో ఇద్దరికి ఏదో ఒక చర్మ క్యాన్సర్ బయటపడుతుందని అక్కడివారి లెక్క. బ్రిటన్ నుంచి వెళ్లిన తెల్లని ఒళ్లు ఆ ఎండకు పుట్టినవి కావు. మన చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ అనే రంగుపదార్థం ఎండలోని అతినీలలోహిత కిరణాలను చాలావరకు పైపొరలోనే అడ్డుకుంటుంది. మా తాతగారు తెనాలి దగ్గర 60 ఏళ్లు చొక్కా లేకుండా పొలం చేశారు, ఆయన వీపు మీద చెమటకాయలు తప్ప మరేమీ లేవలేదు. ఈ భయాన్ని ఇక్కడికి దిగుమతి చేస్తే లాభపడేది క్రీములు అమ్మేవారేనని నా అభిప్రాయం. కాదనేవారు కారణంతో కాదనగలరు.

నల్లరేగడి:
మీతో సగమే ఏకీభవిస్తాను. పుట్టుకతోనే మెలనిన్ లేని పిల్లలు మన ఊళ్లలోనూ ఉన్నారు. మూత్రపిండం మార్పిడి జరిగి, రోగనిరోధక శక్తిని అణచే మందులు ఏళ్ల తరబడి వాడేవారికీ ఎండ ప్రమాదమే. ఎండవల్ల డీఎన్‌ఏకు తగిలే దెబ్బను సరిచేసుకోలేని ఒక వంశపారంపర్య వ్యాధి ఉంది, జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అంటారు. దగ్గరి సంబంధాలలో పుట్టిన పిల్లల్లో దానికి అవకాశం ఎక్కువ గనుక, మేనరికాలు కలుపుకునే మనకు అది పరాయి విషయం కాదు. ఆ వ్యాధి ఉన్న పిల్లలకు రెండేళ్లు నిండేసరికే ముఖం నిండా గోధుమరంగు చుక్కలు వస్తాయి. మీ తాతగారి వీపు వీరెవరికీ సాక్ష్యం చెప్పలేదు.

గోస్తని:
సాగరతీరం గారూ, మీ వాదన అంతా ఎండ గురించి, అంతవరకు అది నిజమే. చర్మ క్యాన్సర్ అనగానే ఎండ ఒక్కటే గుర్తుకు రావడంలోనే చిక్కు ఉంది. మా నాన్నగారికి కుడి మడమ కింద నల్లని మచ్చ కనిపించినప్పుడు మొదట ముల్లు విరిగి లోపల ఉండిపోయిందనుకున్నారు, తర్వాత ఆనెకాయ అన్నారు, మందుల షాపులో ఇచ్చిన పట్టీ అంటించుకున్నారు, అది ఊడినప్పుడల్లా బ్లేడుతో పైపొర చెక్కుకునేవారు. ఆనెకాయను చెక్కితే పాలిపోయిన గట్టి చర్మం బయటపడాలి. ఆయనది చెక్కినకొద్దీ నలుపే వచ్చేది. ఒక అంచు కోసినట్టు తేటగా ఉండేది, రెండో అంచు తడి కాగితం మీద సిరాలా పాకి ఉండేది, మధ్యలో ఒకచోట బూడిదరంగు తిరిగింది. రెండేళ్ల తర్వాత గజ్జల్లో బిళ్ళ కట్టినప్పుడు గాని ఆసుపత్రికి వెళ్లలేదు. ముక్క పరీక్షలో మెలనోమా, అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్, అని తేలింది, గజ్జల్లోని బిళ్ళ కూడా అదే.

మెలనోమా మనవాళ్లలో అరుదు, అందులో సందేహం లేదు. అయితే వచ్చిన ఆ కొద్దిమందిలో ఎక్కువగా అరికాలిలోనో, అరచేతిలోనో, గోరు కిందనో, అంటే ఎండకు దాదాపు సంబంధం లేని చోట్లలోనే వస్తుంది. జమైకా గాయకుడు బాబ్ మార్లీకి 1977లో కాలి బొటనవేలి గోరు కింద బయటపడింది కూడా మెలనోమాయే. 1981లో, 36 ఏళ్లకే ఆయన పోయారు. సన్‌స్క్రీన్ ఎంత కొన్నా మా నాన్నగారి మడమకు పనికొచ్చేది కాదు. ఆ కాలిని వెలుతురులో పట్టుకుని చూసే మనిషి ఒకరుంటే పనికొచ్చేది, ఆ ఇంట్లో ఉన్నది నేనే.

చిత్రావతి:
మీ బాధ అర్థమైందండీ. కానీ ఇది చదివిన ప్రతివారూ ఒంటి మీది చుక్కలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారేమో. మా వైపు పెద్దలు గడ్డకు కత్తి తగిలితే పాకుతుందంటారు. మా బంధువు ఒకరు ముక్క పరీక్ష అయిన కొన్ని నెలలకే పోయారు. నా చేతి గోళ్లలో నాలుగింటికి చిన్నప్పటినుంచి సన్నని గోధుమరంగు గీతలున్నాయి. నేనూ ముక్క తీయించుకోవాలా?

పాతబస్తీ:
అక్కర్లేదు. చర్మవ్యాధుల విభాగంలో చాలా ఏళ్లు పనిచేసినవాడిగా చెబుతున్నాను, మన రంగువారిలో పలు గోళ్లకు ఇలాంటి గీతలు మామూలే. ఒకే గోటికి, ముఖ్యంగా బొటనవేలి గోటికి, నడివయసులో కొత్తగా గీత వచ్చి, 3 మిల్లీమీటర్లు దాటి వెడల్పవుతూ, ఆ నలుపు గోటి మొదట్లోని చర్మం మీదికి కూడా దిగితే మాత్రం ఆగకూడదు. మన ఆడవారు గోరింటాకు, పారాణి పెట్టుకునేది సరిగ్గా ఈ చోట్లలోనే. ఒకసారి పెట్టిన రంగు పోయి మళ్లీ పెట్టుకునేలోపు చూసుకోవాలి.

కత్తికి వచ్చిన అపవాదు వేరే కథ. ముక్క తీసినందువల్ల మెలనోమా పాకదు; పాకిన తర్వాతే మనవాళ్లు ముక్క తీయించుకోవడానికి వస్తారు. అది ఎంత లోతుకు దిగిందో మిల్లీమీటర్లలో కొలుస్తారు, ఒక మిల్లీమీటరు లోపున్నప్పుడే కోసి తీసేస్తే చాలామంది బాగుపడతారు.

మెలనోమా సంగతి పక్కన పెడితే, స్క్వేమస్ సెల్ అనే మరో రకం చర్మ క్యాన్సర్‌కు పాత కాలిన మచ్చలూ, ఏళ్ల తరబడి మానని పుండ్లూ పుట్టిళ్లు. చిన్నప్పుడు పొయ్యి దగ్గర కాలిన మచ్చ 30 ఏళ్లు ఊరుకుని, తర్వాత అంచు గట్టిపడి, కాలీఫ్లవర్‌లా పొంగి, తాకితే రక్తం కారడం మొదలుపెట్టవచ్చు. కాశ్మీరులో కాంగ్రీ అనే నిప్పుల కుండను ఒడిలో పెట్టుకునేవారికి పొట్ట మీద, తొడల మీద వస్తుంది. నడుముకు బిగించే పంచె దగ్గర వచ్చే క్యాన్సర్‌ను మన దేశపు వైద్యులు 1940లలోనే గుర్తించారు, చీర కట్టేవారిలో లంగా బొందు ఒరిసిన చోట కూడా చూశారు. ఇవి అరుదే, కానీ అన్నిటికీ పోలిక ఒకటే: పుండు నెల దాటినా మానదు, మానినట్టే ఉండి మళ్లీ రేగుతుంది.

సాగరతీరం:
రోజూ క్రీము అన్న మాటకు నేను ఇప్పటికీ ఒప్పుకోను. కానీ పాతబస్తీ గారి మాట చదివాక మా అమ్మను అడిగి నడుము చూశాను. బొందు ముడి పడే కుడివైపు, రూపాయి బిళ్ళంత మేర చర్మం నల్లబడి పొలుసులు లేస్తోంది. ఎన్నాళ్లుగా అంటే నీ పెళ్లప్పటి నుంచి అన్నది. నా పెళ్లయి 19 ఏళ్లు. ఇన్నాళ్లూ కొబ్బరినూనె, పసుపు రాసి ఊరుకుందట. మంగళవారం డాక్టరుకు చూపిస్తున్నాం. అప్పటిదాకా బొందు బదులు వెడల్పాటి పట్టీ కుట్టిన లంగా కట్టుకోమన్నాను. జారిపోతుందిరా అంటోంది.