ఫ్లష్ ట్యాంకు దానంతటదే నిండుతోంది: వాషర్ మార్చినా లీకు ఆగలేదు

మా బాత్రూములో ఎవరూ వాడకపోయినా, ఫ్లష్ ట్యాంకు దాదాపు 25 నిమిషాలకు ఒకసారి దానంతటదే ఏడెనిమిది సెకన్ల పాటు నీళ్లు నింపుకుంటోంది. ఇది మొదలై మూడు వారాలైంది. బయట ఎక్కడా తడి లేదు. కమోడు లోపలి గోడ మీద, వెనుక వైపున మాత్రం సన్నని నీటి చార ఎప్పుడూ కనిపిస్తోంది.

మొదట ట్యాంకు అడుగున నీటిని ఆపి ఉంచే రబ్బరు వాషర్ పాతబడిందనుకుని అదే కొలత గల కొత్తది వేశాను, అది కూర్చునే అంచుకు పట్టిన గారను కూడా వదిలించాను. తరువాత ఫ్లోటును దించి, నీటి మట్టం ఓవర్‌ఫ్లో గొట్టం (నీరు ఎక్కువైతే కమోడులోకి దింపే గొట్టం) పైఅంచుకు 25 మిల్లీమీటర్ల కిందే ఆగేలా సరిచేశాను కాబట్టి నీరు పైనుంచి పొర్లడం లేదు. అయినా ట్యాంకులో రంగు కలిపి చూస్తే 15 నిమిషాలకే అది కమోడులోకి దిగింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్న విషయం వేరే ఉంది. రాత్రి ట్యాంకుకు నీళ్లిచ్చే యాంగిల్ వాల్వు కట్టేసి, ట్యాంకు గోడ మీద పెన్సిలుతో గీత పెట్టి తెల్లవారి చూస్తే, నీరు పూర్తిగా ఖాళీ కాకుండా, వాషర్‌కు సుమారు 4 సెంటీమీటర్ల పైన, ఓవర్‌ఫ్లో గొట్టం ఫ్లష్ వాల్వులోకి (ట్యాంకు అడుగున నీటిని కమోడులోకి వదిలే భాగం) మరతో బిగుసుకునే చోట ఆగిపోయింది. మరుసటి రాత్రీ అంతే. వాషరే కారుతుంటే నీరు ఇంకా కిందికి దిగాలి కదా! టార్చి వేసి చూస్తే ఆ అతుకు దగ్గర వెంట్రుకంత గీత ఉంది, వేలితో కదిపితే గొట్టం కొద్దిగా ఊగుతోంది.

గొట్టాన్ని విప్పి మరలకు టెఫ్లాన్ టేపు చుట్టి బిగిస్తే, ఎప్పుడూ నీటిలో మునిగి ఉండే ఆ అతుకు నిలుస్తుందా, లేక ట్యాంకును దించి ఫ్లష్ వాల్వు మొత్తాన్ని మార్చక తప్పదా?