1756 ఘేరియా: దొంగల మీద దాడా, నౌకాదళం మీద యుద్ధమా?

తీరవాసి:
కొంకణ తీరంలోని విజయదుర్గ్‌ను ఇంగ్లీషువాళ్లు ఘేరియా అనేవారు. 1756 ఫిబ్రవరిలో అడ్మిరల్ వాట్సన్, క్లైవ్ కలిసి దాన్ని తులాజీ ఆంగ్రే నుంచి పట్టుకున్నారు. దాన్ని సముద్రపు దొంగల మీద గెలుపుగా రాసుకున్నారు. ఆ మాట నాకు మింగుడు పడదు. మీరేమంటారు?

లంగరు:
దొంగ కాక మరేమిటండి? దారిన పోయే ఓడల్ని పట్టి సరుకు లాక్కునేవాడు. చివరికి పేష్వా మాట కూడా వినలేదు.

తీరవాసి:
అతని తండ్రి కన్హోజీ మరాఠా రాజ్యానికి సర్ఖేల్, అంటే నౌకాదళాధిపతి. తన దస్తక్ (ప్రయాణానికి అనుమతి పత్రం) లేని ఓడల్ని పట్టేవాడు. పోర్చుగీసువాళ్లు కార్తాజ్ అనే తమ అనుమతి పత్రం పేరుతో అంతకు ముందు నుంచీ చేస్తున్నది అదే. వాళ్లు చేస్తే పన్ను, వీళ్లు చేస్తే దోపిడీనా? 1721లో ఇంగ్లీషు, పోర్చుగీసు సేనలు కలిసి ఆంగ్రేల కోట కొలాబా మీదికి వచ్చి ఓడి వెనక్కి పోయాయి. దొంగల ముఠా మీదికి అయితే అంత హంగామా అవసరమా?

గురాబు:
అసలు యుద్ధం ఎలా జరిగిందో చూడండి. ఆంగ్రేల బలమంతా గాలి పడిపోయినప్పుడే. తెడ్లు వేసే గల్బత్‌లు అనే చిన్న పడవలు, గురాబులు అనే ఫిరంగుల ఓడలను లాక్కెళ్లి, కదల్లేని పెద్ద ఓడ వెనక నిలబెట్టేవి. అక్కడి నుంచి ముందువైపు ఫిరంగులతో కాల్చేవారు. ఘేరియాలో ఆ వీలే లేకపోయింది. ఓడలన్నీ కోట కింద ఒకదానికొకటి కట్టేసి ఉన్నాయి. ఒక్క గుండు పడి ఒక ఓడ అంటుకుంది, దాని నుంచి మిగతావన్నీ తగలబడ్డాయి. తరాల తరబడి కట్టుకున్న నౌకాబలం ఒక్క సాయంత్రంలో పోయింది! నన్ను ఎక్కువ బాధించేది పేష్వా పాత్ర. 1755లో ఆంగ్రేల మరో కోట సువర్ణదుర్గ్ మీదికి ఇంగ్లీషు కమొడోర్ జేమ్స్‌తో తన ఓడల్నీ పంపాడు. ఘేరియాలో దొరికిన సుమారు 10 లక్షల రూపాయల సొత్తు మాత్రం ఇంగ్లీషువాళ్లే పంచుకున్నారు. 1757 జనవరిలో అదే వాట్సన్, క్లైవ్ కలకత్తాలో ఉన్నారు.

లంగరు:
కన్హోజీ సంగతి ఒప్పుకుంటాను. కానీ పేష్వాతో తెగతెంపులయ్యాక తులాజీ ఎవరి తరఫున ఓడల్ని ఆపాడు?

తీరవాసి:
తన తరఫునే. బొంబాయిలోని ఈస్టిండియా కంపెనీ కూడా తన పేరు మీదే పాసులు ఇచ్చేది కదండి. దాన్ని ఎవరూ దొంగ అనలేదు.